కళ్ళు పెట్టని లారీ

మా బావ చేసిన చిన్న లారీకి అన్నీ అమరాయి, కళ్ళు తప్ప.

మూరకు రెండు వేళ్ళు ఎక్కువ పొడుగుండేది అది. తలుపులు తెరుచుకునేవి. లోపల స్టీరింగును వేలితో తిప్పితే ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగేవి. చక్రాలు వాగై అనే దిరిసెన చెక్కతో కోసి, పాత సైకిలు టైరును చీల్చి వాటికి చుట్టాడు. బానెట్టు కిరసనాయిలు డబ్బా రేకు. కింద కుదుపులు ఆపే కమాన్లు గొడుగు కమ్ములు. ముందర రేడియేటరు జల్లెడ నా కాఫీ వడపోత. అది పోయాక ఆ ఏడంతా నేను గుడ్డతోనే వడకట్టుకున్నాను.

బావ అంటే నా మొగుడే, వేంకటాద్రి. పెండ్లయినా నోటికి బావ అనే వచ్చేది. మా అత్త పాపాత్తి మా నాన్నకు సొంత అక్క. అందుకని ఆ ఇంట్లో నేను కోడలినీ, మేనకోడలినీ కూడా. తిట్లు రెండు వరసల్లోనూ పడేవి, ప్రేమ కూడా అంతే.

నేను చెప్పేది నలభై మూడో సంవత్సరం, పత్తి కాలం. యుద్ధం జరుగుతూ ఉంది. మాకు ఒక లారీ ఉండేది, పేరు గోమతి. తళవాయిపురం, మంసాపురం పక్క ఊళ్ళ నుంచి పత్తి మూటలు ఎక్కించుకుని రాజపాళయంలో గింజ తీసే మిల్లులకు తోలేవాడు బావ. తోడుకు కాశి అని ఒక డ్రైవరు. గోమతి ఇంటికొచ్చిన ఏడాదే బావ చిన్న గోమతిని మొదలుపెట్టాడు. మంచి బొమ్మ చేయాలని కాదు. పెద్దది ఎట్లా ఉంటే చిన్నది అట్లా ఉండాలి, అదీ ఆయన పట్టుదల. అడుగుకు ఒక అంగుళం లెక్కన కొలిచి, బలపంతో వీధి అరుగు, మా తిణ్ణె మీద గీసుకుని చేసేవాడు. పెద్దదానికి పక్క పలక మారిస్తే చిన్నదానికీ పలక ఊడదీసి కొత్తది వేసేవాడు. పెట్రోలు దొరకక పెద్దదానికి బొగ్గు గ్యాసు పొయ్యి బిగించారు. వారం తిరక్కుండా చిన్నదాని పక్కన నా పౌడరు డబ్బా నిలబడింది, దానికి సన్నని రాగి గొట్టంతో సహా. ఒకసారి పెద్దది మైలురాయికి రాసుకుని ముందు చక్రం పై రేకు సొట్టపోయింది. బావ ఇంటికొచ్చి చిన్న సుత్తితో చిన్నదాన్నీ సొట్టకొట్టాడు.

బాగున్నదాన్ని ఎందుకు కొడతావు అని అడిగాను.

"ఇదిగూడా అబద్ధం చెప్తే ఎట్లా?" అన్నాడు.

ఆదివారాల్లో నారాయణన్ వచ్చేవాడు. ఒక నూలు మిల్లులో ఫిట్టరు. ఆయనకూ అదే పిచ్చి. ఆయన చేసేది బస్సు. తెగిన గడియారం స్ప్రింగులు, పళ్ళు విరిగిన చిన్న చక్రాలు జేబులో వేసుకుని వచ్చి, ఇద్దరూ తిణ్ణె మీద తలలు ఆనించి కూర్చునేవారు. కాఫీ చల్లారి మీగడ కట్టేది.

"నీ లారీకి బ్రేకు ఏది నాయుడా? కొండ దిగేటప్పుడు సామిని పిలుస్తావా?" అనేవాడు నారాయణన్.

"నీ బస్సు కదిలినప్పుడు గదా బ్రేకు మాట. మూడేండ్లుగా స్టాండులోనే ఉండాది," అనేవాడు బావ.

మా అత్త వాకిట్లో పత్తిలోని ఆకుతుక్కు ఏరుతూ వినేది. నాకు అప్పటికి పిల్లలు లేరు. "ఈ ఇంట్లో కోడలు కనలేదు. కొడుకు కన్నాడు, చూడు, నాలుగు చక్రాలతో," అని వీధిలో వాళ్ళకు చెప్పేది. నేను కూడా నవ్వేదాన్ని. అప్పుడు నవ్వడానికి ఓపిక ఉండేది.

మాకు అరవ నెలలే లెక్క; మాసి నెలలో, అంటే ఫిబ్రవరి ఆఖరున, సర్కారు లారీలను యుద్ధానికి తీసుకుంది. శ్రీవిల్లిపుత్తూరులో ఒక మైదానంలో వరసగా నిలబెట్టించి, చూసి, చీటీ రాసిచ్చి పట్టుకుపోయారు. లారీతో పాటు డ్రైవరు కూడా కావాలన్నారు. మా బావ ఎవరినీ అడక్కుండా తన పేరు రాయించుకుని వచ్చాడు. గోమతిని ఇంకొకడు తోలితే కమాన్లు విరగ్గొడతాడని చెప్పాడు. ఆ మాట విన్న మరునాడు తెల్లవారుతూనే మా అత్త కొండ అడుగున, రాత్రుళ్ళు గుర్రమెక్కి ఊరు కాసే అయ్యనారు గుడికి నడిచి పోయింది. ఎవరినీ తోడు పిలవలేదు.

మూడో రోజు డాక్టరు పరీక్షలో బావకు ఒక చెవి సరిగా వినిపించదని తేలింది. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని పోయిన చెవి అది. ఆయన్ను వద్దన్నారు. బదులుగా కాశి పోయాడు. బావ శ్రీవిల్లిపుత్తూరు నుంచి బస్సులో, వెనక సీటులో కూర్చుని ఇల్లు చేరాడు. చెప్పులు విడవకుండానే తిణ్ణె మీద పడుకున్నాడు.

ఆ సాయంత్రం అత్త ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ చిన్న లారీని అయ్యనారుకు మొక్కినాను. ముగించి ఇయ్యి. సామి దగ్గర పెట్టేదాకా నాకు ఒక్కపొద్దే."

బావ తల ఊపాడు. ఎందుకు మొక్కావని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. మా వాళ్ళలో అది అడక్కూడదు. తీరకముందే నోటితో చెబితే మొక్కు చెడిపోతుంది. తీర్చే రోజున సామి ఎదుట పైకి చెప్పాలి, అంతవరకూ మనసులోనే ఉండాలి. అయినా ఇందులో అడిగేదేముంది? లారీ పోయింది, లారీనే మొక్కింది. గోమతి తిరిగి రావాలని కాక ఇంకేమిటి?

అప్పటికి చిన్నదానికి మిగిలింది ముందు దీపాలు రెండే. అయ్యనారుకు మట్టి గుర్రాలు చేసిచ్చే అళగర్ ఆ గుడి పూజారి కూడా. కళ్ళు పెట్టని గుర్రాన్ని సామి తీసుకోడని ఆయన చెప్పేవాడు. అది గుడ్డిది, ఎక్కితే సామి ఎటు పోతాడు? లారీకి దీపాలే కళ్ళు అని మా అత్త తీర్మానించింది. బావ సోడా సీసాలు రెండు పగలగొట్టి గోలీలు తీసి అగ్గిపెట్టెలో దాచి ఉంచాడు. వాటికి రేకు గిన్నెలు కూడా వంచి పెట్టుకున్నాడు. లక్క కరిగించి అతికిస్తే అయిపోయింది. అరపూట పని.

ఆ అరపూట పని పై నెల పంగుని గడిచినా కాలేదు, ఆ పైది చిత్తిర గడిచినా కాలేదు.

ప్రతి శుక్రవారం అత్త అడిగేది, "అయిందా?" అని. టార్పాలిను కట్టే కొక్కేలు ఇంకా ఉన్నాయనేవాడు. మరుసటి శుక్రవారం నంబరు పలక. ఆ పైవారం పనిముట్ల పెట్టె. ఆ పెట్టెలో పడుకోబెట్టడానికి వేలెడంత జాకీ చేయడానికి పది రోజులు తీసుకున్నాడు. నిజంగానే పైకి లేచేది అది. ఆ తరువాతి నెల వైకాశిలో, వేసిన పలకలన్నీ ఊడదీసి మళ్ళీ నునుపు పట్టాడు.

నేను తెల్లవారకముందే గంజి తాగి చేనికి పోయేదాన్ని. లారీ లేదు కాబట్టి పత్తి బండిలోనే పోవాలి, బండికి మనిషిని పెట్టుకున్నాం. లారీ వచ్చినప్పటి నుంచి బావ ఎద్దుల పగ్గం ముట్టలేదు. ఇప్పుడు ముడితే గోమతి పోయినట్టే అవుతుందని కాబోలు, ఇప్పుడూ ముట్టలేదు. పత్తి కాయ మొనలు గుచ్చుకుని వేళ్ళ చివర్లు చీలిపోయేవి. కూర పులుసు తగిలితే మండేవి. ఎండలో నడుము వంచి వంచి, ఇంటికొచ్చి నిలబడినా వంగినట్టే ఉండేది. వచ్చేసరికి తిణ్ణె మీద ఆకురాయి గీస్తున్న చప్పుడు. లోపల అత్త, మధ్యాహ్నం ఒక పూట ఎంగిలిపడి, తుక్కు ఏరుతూ. ఆమె వెండి కడియాలు మణికట్టు నుంచి మోచేతికి జారడం మొదలుపెట్టాయి. నేను కోప్పడితే, పూట తగ్గితే పొయ్యికి విశ్రాంతి అనేది. ఆ చప్పుడు, ఆ కడియాలు, రెండూ చూసి చూసి నాకు ఎవరి మీద కోపమో కూడా తెలియకుండా పోయింది.

వైకాశి పోయి ఆని నెల మొదట్లో, ఆఖరి ఏరుడుకు వెళ్ళత్తాయి వచ్చింది. కాశికి తల్లి. నా పక్క సాలులోనే ఏరుతూ ఉంది. కాశి కాలికి దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉన్నాడని నాకు చెప్పింది. అయ్యో అన్నాను.

"విరిగినా కట్టు కట్టినారంట. బిడ్డ దక్కినాడు, అది చాలు," అంది. "నాయుడుగారు మంచోరు. అంత పెద్ద లారీ లోయలో పడిపోయినాదని ఒక్క మాట నా బిడ్డను అనలేదు."

నా చేయి కాయ మీద ఆగిపోయింది.

"ఏ లారీ?"

వెళ్ళత్తాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తెలుసనుకుందట. తరువాత చెప్పింది. చిత్తిరలోనే జాబు వచ్చింది. మణిపూరు అవతల ఎక్కడో కొండల్లో వానకు రోడ్డు తెగింది. గోమతి దొర్లిపోయింది, కాశి బయట పడ్డాడు. బావ ఆ జాబు ఆమెకు చేని గట్టు మీద చదివి వినిపించి, మా అత్త చెవిన మాత్రం వేయొద్దని చేతులు పట్టుకుని అడిగాడు.

ఆ రోజు నేను పొద్దుండగానే ఇంటికొచ్చాను. అత్త పెరట్లో ఉంది. బావ చిన్న లారీని బోర్లించి, కింద ఏదో మరకు నూనె రాస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. వెళ్ళత్తాయి చెప్పిందన్నాను.

ఆయన నూనె రాయడం ఆపలేదు. రాస్తూనే అన్నాడు.

"దీన్ని సామి దగ్గర పెట్టేస్తుంది. లారీ రాదు. అప్పుడు అమ్మ ఎవర్ని అడుగుతుంది కనకం? మా నాయన పోయినప్పటి నుంచి ఆమెకు ఉండేది ఆ సామి ఒక్కడే."

"అడగడానికి ఆమె ఉండాల గదా బావా. చెయ్యి చూసినావా? పుల్ల."

"చూసినాను."

"మరి?"

"కళ్ళు పెట్టేస్తే నా చేతిలో గూడా ఏమీ ఉండదు," అన్నాడు. అది వేరే విషయం. కానీ నిజం అదేనని నాకు తోచింది. బొమ్మ కూడా అబద్ధం చెప్పకూడదని సొట్టకొట్టిన మనిషి, తల్లికి మాత్రం మూడు నెలలుగా కొక్కేలనీ జాకీ అనీ చెబుతూ కూర్చున్నాడు. తిట్టాలనుకున్నాను. ఓపిక లేక లేచి నీళ్ళు తోడుకోవడానికి పోయాను.

నాలుగు రోజులకు అత్త వాకిలి చిమ్ముతూ చిమ్ముతూ మెట్టు మీద కూర్చుంది. చీపురు చేతిలోనే ఉంది. లేవమంటే, లేస్తాను అంటుంది, లేవదు. నేనూ, పక్కింటి అమ్మణీ రెండు చంకల కింద పట్టుకుని లోపలికి తెచ్చి పడుకోబెట్టాం. ఎత్తితే బరువే లేదు. ఏరిన పత్తి గంపైనా అంతకన్నా బరువుంటుంది. గంజి నోటి దగ్గర పెట్టాను. మధ్యాహ్నం తినేశాను కదా అని మొహం తిప్పుకుంది.

మరునాడు బావ వైద్యుణ్ణి పిలుచుకురావడానికి పోయాడు. నేను పొయ్యిలో నిప్పు కదిపి, గరిటెలో లక్క కరిగించాను. అగ్గిపెట్టె ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ముందు రేకు గిన్నెల్లో లక్క పోసి, ఒక్కొక్క గోలీని బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. వేలు కాలింది. ఎప్పటి నుంచో చీలి ఉన్న వేలే, పెద్దగా తెలియలేదు. గిన్నెలను వాటి కమ్మీలకు తగిలించి దూరంగా జరిగి చూశాను. ఆకుపచ్చగా, సూటిగా నన్నే చూస్తూ ఉంది లారీ. ఇన్నేళ్ళలో మొదటిసారి అది నాకు సవతిలా కాక, ఎవరో మనిషిలా కనిపించింది.

బావ వచ్చి గడపలోనే ఆగాడు. వైద్యుడు లోపలికి పోయి అత్త చేయి పట్టుకుని చూస్తూ ఉన్నాడు. ఈయన తిణ్ణె దగ్గరే. తిడతాడని నేను తల వంచుకుని ఉన్నాను. ఆయన కిందికి వంగి ఎంతో సేపు చూశాడు.

"ఎడమది తప్పు," అన్నాడు. "గోమతి ఎడమ కన్ను కొంచెం కిందికి చూస్తాది. మంసాపురం రోడ్డులో గుంటలో దిగినప్పటి నుంచీ."

పట్టకారు తెచ్చి ఆ కమ్మీని వెంట్రుకవాసి కిందికి వంచాడు. దూరం జరిగి చూసి మళ్ళీ ఇంకొంచెం వంచాడు. తరువాత పట్టకారు తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"రేపు శుక్రవారం. బండి కట్టమను," అన్నాడు. గడప దాటబోయి ఆగాడు. "వద్దు, నేనే తోలతాను."

మరునాడు పొద్దున్నే బయలుదేరాం. బండిలో గడ్డి పరిచి అత్తను కూర్చోబెట్టాం. చిన్న లారీ ఆమె ఒడిలో, కొత్త తువ్వాలు కప్పుకుని. దారి పొడుగునా ఆమె తువ్వాలు తొలగించి, తలుపు తెరిచి మూస్తూ వచ్చింది. అన్నేళ్ళలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. "లోపల సీటు గూడా కుట్టినాడే," అంది నాతో, ఎవరి కొడుకో చేసినట్టు. ముందర బావ పగ్గం పట్టుకుని, చెప్పడం మరిచిపోయిన పాత మాటలతో ఎద్దులను అదిలిస్తున్నాడు.

గుడి దగ్గర వరసలు వరసలుగా మట్టి గుర్రాలు. పాతవాటికి చెవులు విరిగి, వాన దెబ్బకు రంగు పోయి ఉన్నాయి. ఒకసారి పెట్టినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు, బాగు చేయరు. ఎండకు, వానకు అక్కడే కరగాలి. బావకు ఆ సంగతి తెలుసు. అయినా వాటిని ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. ఏదో చోటు వెతుకుతున్నట్టు ఉంది. చివరికి ఒక పెద్ద గుర్రం కడుపు కింద, వాన కొంచెం తక్కువ పడే చోట చిన్న గోమతిని నిలిపాడు. చక్రాల వెనక రాళ్ళు కూడా పెట్టాడు, జారిపోకుండా.

నేను పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద పొంగలి కుండ పెట్టాక అళగర్ కర్పూరం వెలిగించాడు. దీపాలు చూసి నవ్వి, కళ్ళు బాగున్నాయన్నాడు.

"ఇంక చెప్పవచ్చు పెద్దమ్మా. నోరు తెరిచి మొక్కు చెప్పి ఇచ్చేయండి."

మా అత్త నా భుజం పట్టుకుని నిలబడింది. గొంతు పెద్దగా రాలేదు.

"సామీ. లారీని నువ్వు తీసుకో, నా బిడ్డను నాకిచ్చేయి అని అడిగినాను. ఇచ్చేసినావు. ఇదో నీ లారీ."

కర్పూరం ఆరిపోయింది. బావ లారీ వైపే చూస్తూ ఉన్నాడు. తరువాత అక్కడే గుర్రం దిమ్మ మీద కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు. "గోమతి లోయలో పడిపోయినాది. చిత్తిరలోనే జాబు వచ్చినాది."

"కాశి?"

"కాలు విరిగినాది. ప్రాణానికి భయం లేదు."

"అది గదరా ముందు చెప్పాల," అంది. తరువాత ఆయన మొహం చూసింది, లారీ కళ్ళు చూసింది. "దీనికా ఇన్నాళ్ళూ కళ్ళు పెట్టకుండా ఉండావు?"

ఆయన వంగి చక్రం వెనక రాయిని ఇంకొంచెం లోపలికి తోశాడు.

"నీకు చెప్పి ఉండొచ్చు నేను. మొక్కు చెడినా చెడనీ అని చెప్పి ఉండొచ్చు," అంది అత్త. "నువ్వే పోవాలని పేరిచ్చి వచ్చినావు. నేను అడ్డం పడినానని తెలిస్తే నా మొహం చూస్తావా అని భయపడినాను. ఆకలితో సగమైనాను గదరా, పిచ్చోడా."

ఆయన నవ్వాలని చూశాడు. నవ్వు రాలేదు, ఇంకేదో వచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, పొంగలి కుండ దింపడానికి లేచాడు. అత్త ముందు సగం పొంగలి తీసి ఆకులో కట్టి పక్కన పెట్టించింది. "ఇది వెళ్ళత్తాయి ఇంటికి. వాడు పోయినాడు గాబట్టి నా బిడ్డ ఇక్కడ ఉండాడు," అంది. ఆ మాట తరువాత ఆమె తిన్న పొంగలి నాలుగు ముద్దలకు మించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అత్త నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. నేను బండి కమ్మీకి ఆనుకున్నాను. పత్తి కాలం మొత్తం ఆ క్షణంలో నా కళ్ళ మీద వచ్చి కూర్చుంది. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చి చూస్తే, బావ కూడా కూర్చున్నచోటే గడ్డం గుండెకు ఆనించి నిద్రపోతున్నాడు. పగ్గం వదులుగా ఆయన తొడ మీద ఉంది. ఎద్దులు వాటంతట అవే నడుస్తున్నాయి. లేపాలనుకున్నాను. ఎందుకులే అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

బండి ఆగిన కుదుపుకు లేచాం. ఇంటి ముందరే. ఇంకా కొంచెం వెలుగుంది. అత్త లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుంటూ అడిగింది.

"రాత్రికి ఏముండాది కనకం?"

నాలుగు నెలల తరువాత ఆ మాట వింటున్నాను. ఏమీ వండలేదు. వంటింట్లోకి పోతే, పొద్దున బయలుదేరే తొందరలో కట్టెలు కూడా లోపలికి తెచ్చుకోలేదు. నేను పెరట్లోకి పోబోతుంటే బావ వచ్చాడు. తిణ్ణె మీద గంపలో మిగిలిన చెక్కముక్కలు, కోసి పారేసిన చక్రాల వంకర చుట్లు, అన్నీ తెచ్చి పొయ్యి ముందర పోశాడు. ఒక్కటి కూడా ఏరి పక్కన పెట్టలేదు. వాగై చెక్క బాగా ఎండి ఉంది. వెంటనే అంటుకుంది.

వేడి అన్నంలో మజ్జిగ పోసి, ఊరమిరపకాయ వేయించి పెట్టాను. అత్త తింటూ ఉంటే మేమిద్దరం ఎదురుగా గోడకు ఆనుకుని, ఆమె చేయి కంచంలోంచి నోటికి పోయి రావడమే చూస్తూ కూర్చున్నాం.